ఏం తినాలో చెప్పిన్రు, ఏం పని చేసి తినాలో చెప్పలే

ఈసారి ఉత్తరం ఉమ్మడి ఖమ్మం జిల్లా నుంచి వచ్చింది. రాసినావిడ పేరు, ఊరు వేయవద్దన్నారు. వయసు 31. తొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సు, అందులో ఆరేళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రి గుండె జబ్బుల వార్డులోనే. ఉత్తరం పెద్దది, చాలాచోట్ల కొట్టేసి మళ్లీ రాశారు. ముఖ్యమైన సంగతులు ఇవి.

వార్డులో 24 పడకలు. రాత్రి డ్యూటీలో ఇద్దరే నర్సులు. స్టెంటు వేసిన పేషెంట్లు మూడో రోజుకో నాలుగో రోజుకో ఇంటికి వెళ్లిపోతారు. వెళ్లేటప్పుడు మందుల కవరు, రివ్యూ తేదీ, అచ్చువేసిన డైట్ చార్టు చేతిలో పెట్టి "బీడీ మానెయ్యాలి, ఉప్పూ నూనే తగ్గించాలి, రోజూ నడవాలి, బిళ్లలు ఆపొద్దు" అని చెప్పి పంపడం ఈమె పని. ఆ చార్టులో ఓట్స్, ఆలివ్ నూనె, బ్రోకలీ ఉన్నాయట.

నిరుడు అక్కడికి గుండెపోటుతో ఒక హమాలీ వచ్చాడు. 47 ఏళ్లు, మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి. ఆరోగ్యశ్రీలో స్టెంటు వేసి పంపారు. ఏడు నెలలకు ఒక అర్ధరాత్రి మళ్లీ అదే వార్డుకు తెచ్చారు. స్టెంటులో రక్తం గడ్డకట్టి మూసుకుపోయింది. బిళ్లలు మానేసి అప్పటికి రెండు నెలలు, బీడీలు మళ్లీ మొదలై అంతకంటే ఎక్కువే. ప్రాణం దక్కింది గానీ గుండె పంపింగ్ బాగా పడిపోయింది. మర్నాడు పొద్దున ఇంజెక్షన్ ఇస్తూ ఈమె ఉండబట్టలేక, పక్క పడకల వాళ్లు వింటుండగా, "నీ ప్రాణం మీద నీకే తీపి లేకపోతే మేమెందుకు చావాలి? ఈ బెడ్ ఇంకొకరికి పనికొచ్చేది" అనేశారు. ఆయన మారు మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం వరండాలో ఆయన భార్య ఈమెను ఆపి, కోపమేమీ లేకుండా ఒక్క మాట అన్నది. "ఏం తినాలో చెప్పిన్రు సిస్టరమ్మా, ఏం పని చేసి తినాలో చెప్పలే."

ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదని రాశారు. డ్యూటీ డాక్టరు "మనం చెప్పాల్సింది చెప్పాం, ఆపైన వాళ్ల ఖర్మ" అన్నారట. ఇన్‌చార్జి సిస్టర్ కౌన్సెలింగ్ మన పని కాదన్నారు. భర్త "జీతం తీసుకో, ఇంటికి రా, వార్డును ఇంటిదాకా మోసుకురాకు" అంటున్నారు. హైదరాబాదులో ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ విభాగంలో కుర్చీ ఉద్యోగం వచ్చేలా ఉంది. "బీపీ ఉన్న మా అమ్మ చేతనే పచ్చడి మాన్పించలేకపోయాను, పేషెంట్లకేం చెప్పగలను" అని కూడా రాశారు. అడిగినవి మూడు. తప్పు నాదేనా? ఎట్లా చెప్తే వింటారు? ఈ పని వదిలెయ్యనా?

అమ్మా, మొదటి ప్రశ్నకు సూటిగానే చెప్తాను. ఆయన స్టెంటు మూసుకుపోవడం మీ తప్పు కాదు. ఆయన్ని పదిమందిలో ఆ మాట అనడం మాత్రం తప్పే. ఈ రెండూ మీ మనసులో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. విడదీసి చూస్తే రెండోదానికి ఇప్పటికీ చెయ్యగలిగింది ఉంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

నేను 28 ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, గుండెపోటు వచ్చి రెండో రోజు మీదున్న ఒక మనిషి బాత్‌రూమ్‌లో బీడీ తాగుతుంటే పట్టుకున్నాను. చేతిలోంచి లాక్కుని, అగ్గిపెట్టెతో సహా తీసుకెళ్లి డాక్టరుగారి టేబుల్ మీద పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఆయన చివాట్లు పెట్టారు, ఇంకోసారి తాగితే వార్డులోంచి పంపేస్తానన్నారు. ఆ సాయంత్రమే ఆ మనిషి సొంత పూచీ మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు. నేను మందులు ఇవ్వడానికి వెళ్లేసరికి మంచం ఖాళీ. దుప్పటి నాలుగు మడతలు పెట్టి తలగడ మీద ఉంచి వెళ్లాడు. తరువాత ఏమయ్యాడో నాకు తెలియదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ మడత దుప్పటే కళ్ల ముందు ఉంది.

మీరు ఆరేళ్లుగా చెప్తున్నది మంచి మాటే. చెప్పే గడియ మంచిది కాదు. డిశ్చార్జి రోజు ఆ మంచం దగ్గర ఏం జరుగుతుంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. చేతికున్న సెలైన్ సూది అప్పుడే తీసి ఉంటారు, బొటనవేలితో దూది అదిమిపట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆరోగ్యశ్రీ కాగితం మీద వేలిముద్ర ఇంకా కాలేదు. కొడుకు ఫోనులో ఆటోవాడితో బేరమాడుతున్నాడు. భార్య మంచం కింద వంగి చెప్పులు వెతుకుతోంది. రెండున్నర బస్సు తప్పితే మళ్లీ ఆరింటికే. అప్పుడు మీరు నాలుగు జాగ్రత్తలు ఒక్క గుక్కలో చెప్తారు, ఆయన నాలుగింటికీ తల ఊపుతాడు. ఆ తల ఊపుకు అర్థం "ఇక నన్ను పోనివ్వండి" అని. దాన్ని మనం ఒప్పుకున్నాడని రాసుకుంటాం, ఫైల్లో టిక్కు కూడా పెడతాం.

ఇంటికెళ్లాక మొదటి పదిరోజులు భయం ఉంటుంది. ఛాతీ నొప్పి ఎట్లా వచ్చిందో ఒంటికి ఇంకా గుర్తుంటుంది. తరువాత నొప్పి లేదు, ఆయాసం లేదు. "స్టెంటు ఏసిన్రు, బాగైపోయింది" అనుకుంటాడు. అట్లా అనుకోవడంలో ఆయన తప్పేముంది? స్టెంటుతో ఒక్కచోట మాత్రమే దారి తెరిచామనీ, రక్తనాళాల జబ్బు మిగతా అన్నిచోట్లా అట్లాగే ఉందనీ ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పినవాళ్లు ఎవరు? లోపల పెట్టింది లోహపు జాలీ. దాని మీద కొత్త పొర ఎదిగి కప్పేదాకా రక్తం దాన్ని పరాయి వస్తువుగానే చూస్తుంది, గడ్డకట్టడానికి కాచుకుని ఉంటుంది. అందుకే గుండెపోటుకు స్టెంటు వేశాక ఆస్పిరిన్, దానితో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి రెండో బిళ్ల మామూలుగా 12 నెలలు ఆపకుండా వాడమంటారు. "గుండె బిళ్ల" అని చెప్తే ఆ మనిషికి ఏమీ చెప్పినట్టు కాదు. "ఇది జాలీ మూసుకుపోకుండా కాసే బిళ్ల, ఒక్కరోజు కూడా మానొద్దు, మానితే కాపలా లేనట్టే" అని చెప్పి చూడండి. చదువు రానివాళ్లకు కవరు మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు మీరెటూ వేస్తూనే ఉంటారు. జాలీ బిళ్ల ఉన్న కవరు మీద ఎర్ర పెన్నుతో ఒక చుక్క కూడా పెట్టండి. పెట్టాక ఆయన చేతే తిరిగి చెప్పించుకోండి. "ఇంటికి పోయినంక మీ అన్న అడిగితే ఈ బిళ్ల దేనికని చెప్తవు?" అంటే చాలు, ఎంత అర్థమైందో ఆ ఒక్క జవాబులో తెలుస్తుంది.

ఆయన బిళ్లలు ఎందుకు ఆపాడో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆరు పేజీలు వెతికాను. మీరు అడగలేదేమో. నాకు తెలిసిన పేషెంట్లు ఆపిన కారణాలు చెప్తాను. పళ్లు తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చి బెదిరిపోయినవాళ్లున్నారు. పన్ను పీకించుకోవడానికి నాలుగు రోజులు ఆపమంటే, ఆపి మళ్లీ మొదలుపెట్టనివాళ్లున్నారు. బిళ్లల కోసం ఆసుపత్రికి వస్తే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. కొందరికి మగతనం తగ్గిందన్న అనుమానం, అది ఎవరితోనూ అనలేరు. ఇంకొందరికి ఎవరో కషాయంతో బ్లాకులు కరుగుతాయన్నారు. ఒక్కో కారణానికి ఒక్కో జవాబుంది. "ఎందుకు ఆపావు?" అని గద్దిస్తే వీటిలో ఒక్కటీ బయటకు రాదు. "బిళ్లలు వాడేటప్పుడు ఏమన్న ఇబ్బంది అనిపించిందా?" అంటే వస్తుంది.

ఇక బీడీ. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇందులో ఫలం చాలా పెద్దది. గుండెపోటు తరువాత పొగ మానేసినవాళ్లలో, మాననివాళ్లతో పోలిస్తే మరణాలు మూడోవంతు దాకా తగ్గుతాయి. అంత మేలు చేసే మందు మన ట్రాలీ మీద ఎన్ని ఉన్నాయి చెప్పండి. 41 దేశాల్లో దాదాపు 19 వేలమంది గుండె రోగులను గమనించి 2010లో ప్రచురించిన విశ్లేషణ ఒకటుంది. పొగ మానకుండా, తిండీ నడకా మార్చుకోకుండా ఉన్నవాళ్లకు, అసలు పొగ అలవాటు లేక తిండీ నడకా మార్చుకున్నవాళ్ల కంటే, ఆరు నెలల లోపే మళ్లీ గుండెపోటో పక్షవాతమో మరణమో వచ్చే ముప్పు దాదాపు నాలుగింతలు కనిపించింది. ఆరు నెలలంటే మీ వార్డు గడప దాటిన మర్నాటి నుంచే లెక్క మొదలైనట్టు.

హమాలీ బీడీని మీరు వార్డులోంచి చూశారు, యార్డులోంచి చూడలేదు. 40 కిలోల పైచిలుకు బస్తాలు వరసగా దింపాక ఊరికే కూర్చుంటే మేస్త్రీ ఊరుకోడు. బీడీ ముట్టించుకుని కూర్చుంటే ఏమీ అనడు. ఆ ఐదు నిమిషాలే ఆ మనిషికి విశ్రాంతి, పక్కవాళ్లతో మాటామంతీ. బీడీ మానమంటే ఆయనకు వినబడేది ఆ కూర్చోవడం మానమని. కాబట్టి బీడీ లేకుండా కూర్చునే సాకు ఒకటి ఆయనతోనే ఆలోచింపజెయ్యాలి. ఒకాయన మజ్జిగ సీసా తెచ్చుకునేవాడు. ఇంకొకాయన అందరూ బీడీలు తీసే వేళకు కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చేవాడు. తలపు లేచినప్పటి తహతహ కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆ నిమిషాలు దాటించే పని ఏదైనా సరే.

మనవాళ్లకు మనోబలం లేదని అనకండి. అయ్యప్ప మాల వేసుకున్న మనిషిని చూడండి. ఏళ్ల తరబడి తాగినవాడు 41 రోజులు మద్యం ముట్టడు, చాలామంది బీడీ కూడా వదిలేస్తారు. రంజాన్ నెలలో తెల్లవారుజాము నుంచి పొద్దుగూకేదాకా సిగరెట్ అంటించని పెద్దవాళ్లను ఖమ్మంలోనే ఎందరినో చూసి ఉంటారు. అదే మనిషి, అదే అలవాటు. మరి ఆ రోజుల్లో ఎట్లా సాధ్యమైంది? నల్లబట్టలు చూసి ఎవరూ బీడీ చాచరు. పక్కన ఇంకో పదిమంది స్వాములుంటారు. ఇంట్లో వంట మారిపోతుంది, భార్యా పిల్లలూ అందుకు తగ్గట్టు సర్దుకుంటారు. చివరి రోజు ఎప్పుడో ముందే తెలుసు. మన ఆసుపత్రి ఇవేవీ ఇవ్వకుండా ఒక కాగితం ఇచ్చి, ఒంటరిగా జీవితాంతం మానమంటుంది. మీ పేషెంటును "ఎప్పుడైనా మాల వేసిండ్రా?" అని అడగండి. వేశానంటే, అప్పుడు ఏది సాయపడిందో ఆయన నోటనే చెప్పించండి. మొదటి 41 రోజులే లెక్క పెట్టుకుందామనండి. ఆసుపత్రిలో గడిచిన మూడు రోజులూ అందులో వేసెయ్యండి, అవి ఆయన మానేసిన రోజులే కదా. సిగరెట్ పెట్టెల మీదా బీడీ కట్టల మీదా 1800-11-2356 అని ప్రభుత్వ ఉచిత నంబరు ఉంటుంది, పొగాకు మానడానికి సలహా ఇస్తారు. వార్డులో మీ పక్కన ఉండగానే ఆయన ఫోను నుంచే ఒకసారి చేయించండి. ఇంటికెళ్లాక చేసేవాళ్లు తక్కువ.

డైట్ చార్టు సంగతి క్లుప్తంగా. దాన్ని పక్కన పెట్టి ఒక చెంచా పట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే తలగొట్టిన ఒక టీ చెంచా. కాగితంలో ఆ చెంచాడు ఉప్పు పోసి వంట చేసే మనిషి చేతిలో పెట్టండి. "కూరలో, పప్పులో, చారులో, పచ్చడిలో, అప్పడంలో అన్నిటికీ కలిపి ఇంతే" అనండి. పచ్చడి పూర్తిగా తీసెయ్యమంటే వినరు, మీ అమ్మగారే సాక్ష్యం. ఏ పూట పచ్చడి ఉంటే ఆ పూట కూరలో ఉప్పు సగం, లేదంటే పచ్చడి ఒక్క పూటే అంటే బేరం కుదురుతుంది. నూనె మనిషికి నెలకు అర లీటరు లెక్క చెప్పండి, నలుగురున్న ఇంటికి రెండు ప్యాకెట్లు. యార్డు దగ్గర మిర్చి బజ్జీల నూనె పొద్దుటి నుంచీ అదే మరుగుతుంటుంది, అది మానితే ఇంట్లో ఆలివ్ నూనె వెతకక్కర్లేదు. జొన్న రొట్టె, ఆకుకూర పప్పు, పల్చటి మజ్జిగ వాళ్ల ఇంట్లో ఉన్నవే. కానీ భార్యను కాపలాదారును చెయ్యకండి. "మీరు చూసుకోవాలమ్మా" అని మనం అనేస్తాం. ఆవిడ ప్రతి ముద్దకూ అడ్డుపడుతుంది, ఆయన బయట తినడం మొదలుపెడతాడు. వాళ్లిద్దరూ కలిసి మార్చగలిగింది ఒక్కటి ఎంచుకోమనండి. ఒక్కటి నిలిస్తే రెండోదానికి దారి దొరుకుతుంది.

రెండు విషయాలు మన వార్డుల్లో ఎవరూ ఎత్తరు. ఒకటి భార్యాభర్తల సంబంధం. రెండంతస్తుల మెట్లు నొప్పీ ఆయాసమూ లేకుండా ఎక్కగలిగితే మామూలుగా భయపడక్కర్లేదు, డాక్టరును ఒక్కమాట అడిగితే సరి. ఈ మాట చెప్పనందువల్లే ఎందరో బిళ్లల మీద అనుమానం పెట్టుకుంటారు, కొందరు మందుల షాపులో మగతనానికని ఏవో మాత్రలు కొంటారు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వాడేవాళ్లు వయాగ్రా రకం మాత్ర వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మగపేషెంట్లకు ఈ సంగతి చెప్పడానికి మీకు ఇబ్బందైతే మగ నర్సు ఎవరినైనా అడగండి, కానీ చెప్పకుండా పంపకండి. రెండోది దిగులు. గుండెపోటు తరువాత అయిదుగురిలో ఒకరు డిప్రెషన్‌లోకి జారుతారు. అటువంటి మనిషి నడవడు, బిళ్లలు మరుస్తాడు, పలకరిస్తే గోడవైపు తిరుగుతాడు. మీ హమాలీ గోడవైపు తిరగడంలో మీ మాట ఎంత ఉందో, ఆ దిగులు ఎంత ఉందో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. డాక్టరుగారి చెవిన మాత్రం వెయ్యండి. దానికీ మందు ఉంది.

ఇవన్నీ ఎప్పుడు చెయ్యాలి, ఇద్దరమే ఉంటాం కదా అంటారు. నిజమే. మీ ముందు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి, దేనికుండే బరువు దానికుంది.

ఒకటి, ఎవరినీ ఏమీ అడగకుండా మీ డ్యూటీలోనే చేసుకోవడం. డిశ్చార్జి రోజు దాకా ఆగకుండా రెండో రోజు నుంచే, మందులు ఇచ్చే రౌండ్లో ఒక్కో మంచం దగ్గర ఒక్క ప్రశ్న. ఇవాళ బీడీ గురించి, రేపు పని గురించి, ఎల్లుండి బిళ్ల తిరిగి చెప్పించుకోవడం. మనిషికి రోజుకు మూడు నిమిషాలు. దీనికి అనుమతి అక్కర్లేదు. కానీ మీరు లేని షిఫ్టులో ఇది జరగదు, తోటివాళ్లు విసుక్కోవచ్చు, చేసిన తరువాత కూడా కొందరు మళ్లీ బీడీతోనే తిరిగి వస్తారు. ఆ కొందరిని చూసినప్పుడు మనసు గట్టిగా ఉంచుకోగలరా అన్నది మీరే చూసుకోవాలి.

రెండు, ఆసుపత్రితో మాట్లాడి డిశ్చార్జి తరువాత ఫోను చేసే ఏర్పాటు పెట్టించడం. ఇన్‌చార్జి సిస్టర్ "మన పని కాదు" అంటే వాదించకండి, ఈ సంగతి చెప్పండి. బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకుల ఆధ్వర్యంలో మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 806 మంది గుండె రోగుల మీద ఒక అధ్యయనం జరిగింది, 2016లో ఫలితాలు వచ్చాయి. శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు ఏడాదిపాటు రోగినీ ఇంటివాళ్లనూ మళ్లీ మళ్లీ కలిసి మాట్లాడారు. వాళ్లు కలిసినవాళ్లలో పొగాకు మానినవాళ్లు నూటికి 85 మంది, మామూలుగా చెప్పి పంపినవాళ్లలో 52 మంది. అక్కడ కొత్త మిషనేమీ రాలేదు, ఖరీదైన మందూ రాలేదు. మీరు నెలకు పదిమందితో మొదలుపెడతామనండి. మూడో రోజు, పదిహేనో రోజు, నెలకు, మూడు నెలలకు ఒక్కో ఫోను. ఆరోగ్యశ్రీలో కొన్ని గుండె చికిత్సలకు తరువాత కూడా పరీక్షలు, మందులు ఇచ్చే ఫాలోఅప్ ఉంటుంది, ఎవరెవరికి వర్తిస్తుందో మీ ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి ఆ జాబితాతోనే మొదలుపెట్టవచ్చు. దీనిలో ప్రమాదం ఏమిటంటే, "సరే నువ్వే చెయ్యి" అని ఉన్న పని మీద ఇది కూడా మీ నెత్తిన పెడతారు. వారానికి రెండు గంటలు డ్యూటీ చార్టులో రాసిస్తేనే ఒప్పుకోండి. సొంత ఫోను నంబరు ఎవరికీ ఇవ్వకండి, ఆసుపత్రి ఫోను నుంచే చెయ్యండి. లేకపోతే మీవారు అన్నది నిజమవుతుంది, వార్డు మీ వంటింట్లోకి వస్తుంది.

మూడు, హైదరాబాదు ఉద్యోగం. వెళ్తే ఓడిపోయినట్టు కాదు. ఆరేళ్లు రాత్రిళ్లు నిలబడ్డ కాళ్లకు కుర్చీ కావాలనిపించడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. జీతం, పిల్లల చదువు, మీ ఆరోగ్యం చూసుకుని వెళ్తానంటే వెళ్లండి. ఆ ఒక్క మాట నుంచి పారిపోవడానికైతే మాత్రం రెండు మూడు నెలలు ఆగండి, ఎందుకంటే ఆ మాట మీతోపాటే బస్సెక్కుతుంది. బిల్లుల ఫైళ్లలో కూడా "రీ అడ్మిషన్, స్టెంటు బ్లాక్" అన్న పేర్లు రోజూ కనిపిస్తాయి. ఈ పనే ఇష్టమని తేలితే, గుండె రోగులకు వ్యాయామం, పునరావాసం చూసే విభాగాలు పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయి, వాటిలో నర్సులకు చోటుంది. ఏదైనా, నిద్ర లేకపోవడం నెల దాటితే మీరూ ఒక డాక్టరుకు చూపించుకోండి.

ఇప్పుడు ఆ హమాలీ దగ్గరికి వద్దాం. క్షమాపణ చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరమంతా అదే ఉంది. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆయన మరిచిపోవచ్చు కూడా. కానీ మీ ముఖం చూడలేక రివ్యూకు రావడం మానేస్తే ఆ నష్టం ఆయనదే అవుతుంది, అందుకే చెప్పడమే మేలని నా అభిప్రాయం. పెద్ద మాటలు వద్దు. "ఆ పొద్దు అందరి ముందు అట్ల అన్న, తప్పయింది అన్నా. మీరు ఎందుకు ఆపిన్రో అడగలేదు, ఇప్పుడు చెప్తరా?" అంతే. ఆయన ఏమీ అనకపోవచ్చు. మీ మనసు తేలికపడాలని ఆయన చేత "పర్లేదమ్మా" అనిపించుకోవడానికి చూడకండి.

ఆయన భార్య అడిగిందానికి మాత్రం జవాబు బాకీ ఉంది, అది మీరొక్కరే తీర్చేది కూడా కాదు. డిశ్చార్జి కాగితంలో "విశ్రాంతి తీసుకోవాలి, బరువులు ఎత్తరాదు" అని రాస్తారు. ఎన్ని రోజులు? ఎంత బరువు? దానికి అర్థం లేదు, బస్తాలు మోసే మనిషికైతే అది "నీకిక బతుకుతెరువు లేదు" అన్నట్టే. ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది, పంపింగ్ తగ్గిన గుండెకు అది మంచిది కాదు. కాబట్టి పాత పనికి వెళ్లమని చెప్పలేం. కానీ యార్డులో కాంటా దగ్గర నిలబడే పని, సంచులు కుట్టే పని, లెక్క రాసే పని, రాత్రి కాపలా కూడా ఉంటాయి. హమాలీ సంఘం వాళ్లు అడిగితే మారుస్తారో లేదో తెలియదు గానీ, అడగడానికి వాళ్లకు డాక్టరు రాసిన కాగితం కావాలి.

మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో దాదాపు 4 వేలమంది గుండె రోగులకు యోగాతో పునరావాసం నేర్పి చూశారు, 2020లో ఫలితాలు ప్రచురించారు. మళ్లీ గుండెపోట్లు, మరణాలు అంతగా తగ్గినట్టు తేలలేదు. కానీ వాళ్లు మునుపటి పనులకు తిరిగి వెళ్లడం మెరుగైంది, ఒంట్లో బాగుందని చెప్పినవాళ్లు పెరిగారు. పనికి తిరిగి వెళ్లడాన్ని కూడా చికిత్స ఫలితంగానే లెక్కపెట్టారు చూడండి, నాకు అది నచ్చింది.

అందుకని ఆయన రివ్యూ తేదీ చూసుకోండి. ఆ రోజు మీ డ్యూటీ పొద్దుట వేయించుకోండి. ఓపీలో ఆయన వంతు వచ్చినప్పుడు, భార్యను కూడా లోపలికి రమ్మని, వాళ్లతో పాటు మీరూ డాక్టరుగారి గదిలోకి వెళ్లండి. ఎకో (గుండె స్కానింగ్) చూశాక అడగండి. ఎన్ని కిలోల దాకా ఎత్తవచ్చు సార్? ఏ నెల నుంచి? ఎండలో ఎంతసేపు నిలబడవచ్చు? ట్రెడ్‌మిల్ పరీక్ష ఎప్పుడు చెయ్యవచ్చు? చెప్పినవన్నీ తేదీ వేసి ఒక కాగితం మీద రాయించి, సంతకం, ముద్ర వేయించి, బయటికి వచ్చాక తెలుగులో ఆమెకు చదివి వినిపించండి.